సబ్బుకాగితాల కళ్లజోడు

జూన్ 20

ఈ డైరీ కిందటేటిది, 1933ది. కొమరోలులో కోటయ్య శెట్టి ఊరికే ఇచ్చాడు. ఆయన దుకాణానికి మద్రాసు నుంచి చంద్రప్రభ సబ్బుల కంపెనీవాళ్లు ఏటా ఒక డైరీ, ఒక క్యాలెండరు బహుమానంగా పంపుతారు. డైరీలో ఒక్క పేజీ కూడా రాయలేదట. “వారాలు కలవవు గానీ తేదీలు తేదీలే గదా పంతులూ, తీసుకపో” అన్నాడు. ఊరికే వచ్చినదాన్ని వద్దనే గుణం నాకు లేదు.

ఇవాళ మార్కాపురం నుంచి బడికి రెండు కట్టలు వచ్చాయి. ఒకదాంట్లో పలకలు, ఇంకోదాంట్లో కొత్త వాచకాలు. పాత వాచకం ఇక చెప్పకూడదట. పద్నాలుగేళ్లుగా చెబుతున్నాను దాన్ని. నిద్రలో లేపి అడిగినా ఏ పేజీలో ఏ మాట ఉందో చెప్పగలను.

కొత్త వాచకం అచ్చు బాగాలేదు. సిరా పలచగా పడింది.

జూన్ 23

బుడ్డిలో వత్తి మార్చాను. అచ్చు నిజంగానే బాగాలేదు.

జూలై 2

నా చూపుకేమీ లోటు లేదు. సాయంత్రం బడి అరుగు మీద కూర్చుంటే నల్లమల వాలులో మేస్తున్న మేకలను ఒక్కొక్కదాన్ని వేరుచేసి చెప్పాను. పక్కన కూర్చున్న కుర్రకారుకు అవి మేకలో రాళ్లో కూడా తెలియలేదు. అంత చూపున్నవాడికి చేతిలో పుస్తకం కనపడకపోవడమేమిటి? చెయ్యి చాచి పట్టుకుంటే కొంచెం నయం. చెయ్యి ఇంకో జానెడు పొడుగుంటే అసలు ఇబ్బందే లేదు.

మధ్యాహ్నం కృపాకర్ అయ్యగారు వచ్చారు. మా చుట్టుపక్కల మిషన్ బళ్లన్నిటికీ ఆయనే మేనేజరు. అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి, తువ్వాలుతో మీసం తుడుచుకుని అప్పుడు చెప్పారు.

“దొరల సీమ నుంచి మిషన్‌కు వచ్చే డబ్బు తగ్గిపోయింది ఏలీయా. కొన్ని బళ్లు మూస్తా ఉండారు. నలభై ఐదు దాటిన పంతుళ్లను ముందు ఇంటికి పంపమని ఉత్తరం వచ్చింది. నవంబరులో ఇన్‌స్పెక్టరు దొర వస్తాడు. ఆయన పుస్తకం ఇచ్చి నీతోనే చదివిస్తాడు. తడబడినోళ్లకు అంతే సంగతి.”

“నాకు ముప్పై ఎనిమిది గదయ్యా” అన్నాను.

“ఆ మాట రిజిస్టరులో చూసే వచ్చినాను. నీకేం భయం?”

ఈ ఇల్లు బడిది. బడి పోతే ఇల్లూ పోతుంది. ఆ తర్వాత మా నాయన ఎక్కడినుంచి నన్ను లాగి బళ్లో వేశాడో, అక్కడికే పోవాలి. రెడ్డిగారి జొన్నచేలోకి. నా భార్య జ్ఞానమ్మ ఇప్పటికే అక్కడ కూలికి పోతోంది. ఇక ఇద్దరం పోతాం.

జూలై 3

రిజిస్టరులో ఉన్నది నేను పుట్టిన తేదీ కాదు. మా పాలెమంతా ఒకే రోజు బాప్తిస్మం పుచ్చుకుంది. పిల్లలు ఎప్పుడు పుట్టారని గుమాస్తా అడిగితే మా అమ్మలెవరికీ తెలియలేదు. ఆయన విసుగెత్తి, అందరికీ ఆ రోజు తేదీనే వేసేశాడు. మా పాలెంలో నా ఈడువాళ్లందరికీ ఒకటే పుట్టినరోజు. ఆ రోజుకు నాకు పాలపళ్లు ఊడి కొత్త పళ్లు వచ్చాయి. మేకల వెంట పోతున్నాను. నీళ్లలో ముంచినప్పుడు చలికి వణికిందీ, పైకి లేవగానే మేకలు ఎటు పోయాయోనని చూసిందీ బాగా గుర్తు.

అసలు వయసు ఎంతో ఇక్కడ కూడా రాయను. రాయకపోతే లేనట్టే. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు.

జూలై 19

ఇవాళ మా పాలెంలో అన్నమ్మ కూతురు మగ్దలీనను కొట్టాను.

ఆ పిల్ల కొత్త వాచకంలో నాలుగో పాఠం చదువుతోంది. కాకి, కడవ కథ. పాత పుస్తకంలో కాకి కడవలో గులకరాళ్లు వేస్తుంది. పిల్ల “ఇసుక” అని చదివింది. “గులకరాళ్లు” అన్నాను. మళ్లీ ఇసుక అంది. బెత్తం తీశాను. “ఇసుక అనే ఉంది అయ్యా, చూడండి” అని ఏడుస్తూ పుస్తకం నా ముఖానికి దగ్గరగా పెట్టింది. దగ్గరగా పెట్టింది కాబట్టి అది నాకు నల్లటి మరకలాగా కనపడింది. “ఎదురు చెబుతావా” అని ఇంకో దెబ్బ వేశాను.

పిల్లలు వెళ్లాక పుస్తకాన్ని గుమ్మం బయట ఎండలో అరుగు మీద పెట్టి, నేను లోపల నిలబడి చూశాను. ఇసుక అనే ఉంది.

నాకు నా మీద అసహ్యం వేసింది.

జూలై 20

మగ్దలీన బడికి రాలేదు.

ఆగస్టు 4

ఉప్పు కోసం కొమరోలు పోయాను. శెట్టిగారి దుకాణం పంచ కింద నిలబడి ఉంటే ఆయన కొత్త పుస్తకమొకటి బల్ల మీద నావైపు తోశాడు. చంద్రప్రభ కంపెనీ క్యాటలాగు. దువ్వెనలు, లాంతర్లు, పిల్లల బొమ్మలు, అద్దాల పెట్టెలు, అన్నీ రంగుల్లో. డబ్బు అక్కర్లేదట. సబ్బుబిళ్ల పై కాగితాలు నలభై పోగుచేసి పంపితే వీటిలో ఏది కోరితే అది టపాలో బంగీ కట్టి పంపుతారట.

చెయ్యి చాచి పట్టుకుని చూస్తుంటే శెట్టిగారు నవ్వాడు.

“ఏంది పంతులూ, పెండ్లికూతుర్ని చూసినట్ల అంత దూరం పెట్టి చూస్తా ఉండావు?”

“రంగులు బాగుండాయి శెట్టిగారూ.”

ఆఖరి పేజీలో కళ్లజోడు బొమ్మ ఉంది. దాని కింద రాసింది నాకు కనపడలేదు. మంచి కంఠం కదా, చదివి వినిపించమని శెట్టిగారినే పొగిడాను. ఆయన పొంగిపోయి గట్టిగా చదివాడు. “సులోచనములు. డాక్టరు అక్కరలేదు. మీ వయస్సు వ్రాసి పంపిన చాలును. వయస్సును బట్టి తగిన అద్దములు పంపబడును.”

దారి పొడుగునా ఆ మాటలే. ఉప్పు మరిచిపోయి సగం దూరం వచ్చి మళ్లీ వెనక్కి పోయాను.

ఆగస్టు 6

నలభై కాగితాలు ఎక్కడివి? మా పాలెంలో సబ్బుబిళ్ల నిండుగా కొన్నవాళ్లు లేరు. శెట్టిగారు బిళ్లను దారంతో నాలుగు ముక్కలు కోసి అమ్ముతాడు. పై కాగితం మాత్రం నాలుగో ముక్క కొన్నవాళ్లకే ఇస్తాడు. అది ఆయన పెట్టిన ధర్మం. ఆ కాగితం కోసమే మా ఆడవాళ్లు మూడు ముక్కలు పోయేదాకా దుకాణం ముందర కాచుకుని కూర్చుంటారు. దాని మీద తామరపువ్వు పట్టుకున్న చక్కని ఆడమనిషి బొమ్మ ఉంటుంది. చింతగింజల జిగురుతో గోడకు అంటించుకుంటారు. పటాలు పెట్టకూడదని కృపాకర్ అయ్యగారు గద్దిస్తే, “ఇది దేవుని పటం కాదయ్యా, సబ్బు పటం” అని అన్నమ్మే జవాబిచ్చింది.

అంటే కాగితాలున్నాయి. గోడల మీద ఉన్నాయి.

పిల్లలకు ఆరోగ్యపాఠం మొదలుపెట్టాను. శుభ్రత గురించి చెప్పి, ఇంట్లో సబ్బుకాగితాలుంటే పాఠానికి తెమ్మన్నాను. ఇది అబద్ధం కాదు. శుభ్రత పాఠం చెప్పాల్సిందే కదా.

ఆగస్టు 13

వస్తున్నాయి. పేడ, సున్నం, జిగురు అంటుకుని, మూలలు చిరిగి. ఎవరూ ఎందుకని అడగలేదు. మా వాళ్లు ఇంత మంచివాళ్లని ఇన్నాళ్లు తెలియదు.

సాయంత్రం అన్నమ్మ వచ్చింది. కూతుర్ని కొట్టినందుకు తిట్టడానికే వచ్చిందనుకుని లేచి నిలబడ్డాను. కొంగు విప్పి గుప్పెడు కాగితాలు తీసింది. ఆమె ఇంట్లో తలుపు పక్క గోడంతా ఇవే ఉండేవి.

“తడిపి తీసినాను ఏలీయన్నా. బొమ్మలు చిరగలా. లెక్కబెట్టుకో.”

“మగ్దలీన...”

“రేపు పంపిస్తాలే.”

కొంగు దులుపుకుని వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

ఆగస్టు 20

నలభై అయ్యాయి. కాగితాలతోపాటు పేరు, ఊరు, వయసు రాసి, దుకాణదారు ముద్ర వేయించి పంపాలట. శెట్టిగారి ముందరే రాయాలి. కృపాకర్ అయ్యగారి బండి కొమరోలు వస్తే ఆగేది ఆ దుకాణం ముందరే. శెట్టిగారి కడుపులో మాట పూటకు మించి నిలవదు.

నిజం వయసు రాస్తే బడి పోతుంది. రిజిస్టరు వయసు రాస్తే సరిపడని అద్దాలు వస్తాయి. అడకత్తెరలో పోకచెక్క అని పిల్లలకు చెబుతుంటాను. ఇన్నాళ్లకు దాని అర్థం తెలిసింది.

అయినా అద్దాలు అద్దాలే కదా. ఎంత తేడా ఉంటుంది?

ఆగస్టు 21

ముప్పై ఎనిమిది అని రాశాను.

సెప్టెంబరు 29

టపా తెచ్చే ఓబులేసు బంగీ ఇచ్చి వెళ్లాడు. నల్లటి ఫ్రేము, గట్టి అట్టపెట్టె, లోపల మెత్తని గుడ్డ. పెట్టుకుని అద్దంలో చూసుకున్నాను. పెద్దమనిషిలాగే ఉన్నాను.

వాచకం రేపు చూస్తాను. ఇవాళ చీకటిపడింది.

సెప్టెంబరు 30

అక్షరాలు కొంచెం నల్లబడ్డాయి. కొత్తవి కదా, అలవాటు కావాలి.

అక్టోబరు 3

అలవాటు కావాలి.

అక్టోబరు 9

కాలేదు.

కృపాకర్ అయ్యగారు వచ్చి నా ముఖం చూసి మురిసిపోయారు. “ఇప్పుడుండావయ్యా పంతులు మాదిరి! సబ్బుకాగితాలకు వచ్చినాయంట గదా, శెట్టి చెప్పినాడు. ముప్పై ఎనిమిదికే చత్వారం ఏందని అడిగినాడు. ఎక్కువ చదివినోళ్లకు తొందరగా వస్తాదని చెప్పినాను.” పెద్దగా నవ్వారు. నేనూ నవ్వాను. ఇన్‌స్పెక్టరు వచ్చేది నవంబరు ఆఖరు వారమని చెప్పి పోయారు.

ఇప్పుడు ముందు నుయ్యి, వెనక గొయ్యి. కళ్లజోడు లేకపోతే కనపడలేదని చెప్పుకునే వీలైనా ఉండేది. ముక్కు మీద జోడు పెట్టుకుని చదవలేకపోతే ఏం చెప్పను? వచ్చిన సాయమే నా నోరు కట్టేసింది.

ఈ ఇంటి గోడలు కూడా దగ్గరికి వచ్చినట్టున్నాయి. బడికి పోవాలంటే కాళ్లు రావడం లేదు. పోకుండా ఇంట్లో కూర్చోవాలంటే ఇల్లు ఆ బడిదే.

అక్టోబరు 14

జ్ఞానమ్మ కొర్రలు చెరుగుతూ, తల ఎత్తకుండా అడిగింది.

“అవి నీకు పనికిరాలా గదా?”

“ఏవి?”

“మూతి మీద పెట్టుకున్నావే, అవి.”

బాగానే ఉన్నాయన్నాను. చాట కింద పెట్టింది.

“నిన్న వాచకం తలకిందులుగా పెట్టి పోయినాను. నువ్వు దాన్ని అట్లనే తీసుకోని, బొమ్మ చూసి తిప్పుకుంటివి. నాకు చదువు రాదు గానీ కండ్లుండాయి.”

నాకు కోపం వచ్చింది, ఆ తర్వాత కోపం పోయి కన్నీళ్లు వచ్చాయి. వయసు సంగతి మొత్తం చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

“ఎండాకాలం నుంచీ చూస్తానే ఉండా. పాలెంలో అందరికీ తెలుసు. ఆరోగ్యపాఠమంట! అన్నమ్మ గోడ ఊరకే తడిపిందనుకుంటివా? నేనే పోయి చెప్పినాను, మా ఆయనకు కండ్లు కనపడక నీ బిడ్డను కొట్టినాడు, మనసులో పెట్టుకోవద్దని.”

ఇన్నాళ్లు నేను దాచుకున్నాననుకున్నది నా ఒక్కడికే దాగి ఉంది.

చాట మళ్లీ చేతిలోకి తీసుకుని ఆమే అంది. “ఇంకో జోడు తెప్పించుకో.”

“నా పేరు మీద ఇంకో వయసు ఎట్ల రాసేది?”

“నా పేరు మీద రాయి. నా వయసు ఏ రిజిస్టరులో రాసినారు? నాకు యాభై అన్నా, అరవై అన్నా అడిగేవాడెవడు?”

ఆమెకు బాప్తిస్మం మా పెళ్లికి ముందు ఇచ్చారు. వయసు గడి ఖాళీగా వదిలేశారు. ఆడమనిషి కదా, ఏ ఉద్యోగం చేయాలి అనుకున్నారేమో.

అక్టోబరు 24

గోడలు ఖాళీ. ఇంకో నలభై కావాలి. అన్నమ్మ తమ్ముడు ఎజ్రా గిద్దలూరులో రైలుకట్ట గ్యాంగులో పని చేస్తాడు. రైల్వే క్వార్టర్ల వెనక వాళ్లు బిళ్లలు నిండుగా కొని కాగితాలు పారేస్తారట. ఏరి, చింతపండు మూటలాగా కట్టి తెచ్చాడు. “వీటికోసం కుక్కలతో కొట్లాడినాను అన్నా” అన్నాడు. ఉతికి ఆరేసినట్టు ఇల్లంతా పరిచాం.

అక్టోబరు 26

జ్ఞానమ్మతో దుకాణానికి పోయాను. శెట్టిగారు ఆమెనూ నన్నూ మార్చి మార్చి చూశాడు.

“చదువు రానిదానికి సులోచనాలా? ఏం చదువుతావు జ్ఞానమ్మా, రెడ్డిగారి చేలో జొన్నకంకులా?”

దుకాణంలో నలుగురు నవ్వారు. నేను తల దించుకున్నాను. ఆమె దించుకోలేదు.

“కొర్రల్లో రాళ్లు కనపడ్డం లేదు శెట్టిగారూ. ఈయన పన్ను ఒకటి విరిగింది. అయినా మీరు కొలిచే కొర్రల్లో రాళ్లు తక్కువుంటే నాకీ కర్మ ఎందుకు?”

ఈసారి ఆ నలుగురూ శెట్టిగారిని చూసి నవ్వారు. ఆయన గబగబా ముద్ర వేశాడు. వయసు యాభై అని నా చేత్తో రాశాను.

నవంబరు 13

వచ్చాయి. అదే నల్ల ఫ్రేము, అదే పెట్టె. పక్కపక్కన పెడితే రెండింటికీ తేడా తెలియదు.

వాచకం తెరిచాను. అచ్చు బాగానే ఉంది. చాలా మంచి అచ్చు. ఎవరిమీదా ఏ నేరమూ లేదు. నాలుగో పాఠంలో ఇసుక అని ఎంత స్పష్టంగా ఉందో చూసి పుస్తకం మూసేశాను.

తల ఎత్తేసరికి జ్ఞానమ్మ నా ముఖంలో ముఖం పెట్టి “కనపడతా ఉందా?” అని అడుగుతోంది. ఆమె ముఖం దగ్గరగా చూసి ఎన్నాళ్లయిందో. పెదవుల మీద ఎండకు పగిలిన చారలు. కనుబొమల్లో తెల్లవెంట్రుకలు. చెంప మీద జొన్నాకు కోసిన గీత, మానీ మానకుండా. యాభై అని నేను రాసింది అబద్ధం. కానీ రెడ్డిగారి చేను ఆమెకు ఆ వయసు ముందే రాసి పెట్టింది.

“కనపడుతోంది” అన్నాను.

నవంబరు 18

కృపాకర్ అయ్యగారు ప్రభు సంస్కారపు రొట్టె పంచడానికి వచ్చారు. శెట్టి చెప్పనే చెప్పాడు. “నీ భార్య కూడా సులోచనాలు తెప్పించిందంట గదా ఏలీయా, ఏవీ, పెట్టుకోలేదే?” అని గుడిలోనే అడిగారు.

జ్ఞానమ్మ నాకు పనికిరాని ఆ మొదటి జోడును కొంగులోంచి తీసి పెట్టుకుంది. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. వెనక వరసలో ఎవరో “దొరసానమ్మ వచ్చిందే” అన్నారు. పాటలపుస్తకం చేతికిచ్చారు అయ్యగారు. చదవడం రాని ఆ పుస్తకాన్ని తెరిచి పట్టుకుని, కంఠస్థంగా వచ్చిన పాటను ఆఖరి చరణం దాకా పాడింది. చెవులు ఎర్రబడ్డాయి. నా జోడులోంచి ఆ ఎరుపు కూడా కనపడింది. నా వంతు నవ్వులపాటు ఆమె మోసింది.

నవంబరు 28

ఇన్‌స్పెక్టరు వచ్చాడు, పోయాడు. వాచకం మధ్యలో తెరిచి ఇచ్చాడు. చదివాను. ఇంకో పేజీ ఇచ్చాడు. చదివాను. మగ్దలీన ముందు వరసలో కూర్చుని నా నోటివైపే చూస్తూ, నాతోపాటు పెదవులు కదిలిస్తోంది. నేను ఎక్కడైనా ఆగితే అందిద్దామని కాబోలు. నేను కొట్టిన పిల్ల.

బయటికి వచ్చాక అయ్యగారు నా భుజం తట్టారు. “బాగా రాసినాడయ్యా నీ గురించి. యాభై ఐదు నిండేదాకా నిన్ను కదిలించేవాడు లేడు. ఇంకా పదిహేడేళ్లు!”

రిజిస్టరు లెక్కకు యాభై ఐదు. నా ఒంటి లెక్కకు అప్పటికి అరవై దాటి ఎన్నేళ్లో. అంతవరకు ఈ బెత్తం, ఈ వాచకం, జ్ఞానమ్మ పేరు మీద వచ్చిన ఈ అద్దాలు. వయసు సరిచేయమని ఎన్నటికీ అడగలేను. ముసలివాణ్ణయ్యానని కూడా పైకి చెప్పుకోకూడదు. ఉద్యోగం నిలిచింది. తలుపుకు బయటినుంచి గడియ పడినట్టుంది.

డిసెంబరు 2

ఇవాళ ఆదివారం. అన్నం తిన్నాక జ్ఞానమ్మ మొదటి జోడు పెట్టుకుని కొర్రలు ఏరుతోంది.

“ఇంట్లో ఎవరూ లేరు గదే, తీసెయ్” అన్నాను.

“ఎందుకు తీసేది? నాకు సరిపోయినాయి. రాళ్లు నిజంగానే కనపడతా ఉండాయి.”

నా రిజిస్టరు వయసుకు చేసిన అద్దాలు, ఏ రిజిస్టరులోనూ వయసు లేని ఆమె కళ్లకు అతికాయి.

ఏరడం ఆపింది. “బతికినంతకాలం ఇవి పెట్టుకోక తప్పదు గదా. ఆదివారం ఆదివారం పాటలపుస్తకం ఊరకే పట్టుకోని కూర్చోలేను. సిగ్గయితాది. నాకు నేర్పు.”

పద్నాలుగేళ్లు ఊరి పిల్లలకు చెప్పాను. ఈ ఇంట్లో ఒకరికి చెప్పాలని తోచలేదు. పలక తెచ్చి ‘అ’ రాయబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

“అచ్చరాలు తర్వాత. ముందు అంకెలు. నీ వయసు రాయి. నిజమైంది.”

“ఎందుకు?”

“నాకొక్కదానికైనా తెలియాల గదా నువ్వు ఎప్పుడు అలిసిపోవాల్నో.”

మేకలు, పాలపళ్లు, బాప్తిస్మం, ఇద్దరం వేళ్ల మీద లెక్క వేశాం. రాశాను. నలభై ఏడు. ఆమె వేలితో నాలుగు మీద దిద్దింది, ఏడు మీద దిద్దింది, మళ్లీ మొదటినుంచి దిద్దింది. ఏడు కొస వంకర పోతే నాలుక కరుచుకుంది.

బయట అన్నమ్మ గొంతు వినిపించింది, వెనకనే ఇంకెవరిదో మగ గొంతు. జ్ఞానమ్మ చప్పున కొంగు తడి చేసి పలక తుడిచేసింది. తలుపు దగ్గరికి పోతూ వెనక్కి తిరిగి, వేలితో గాలిలోనే నాలుగూ ఏడూ రాసి చూపించింది. తప్పు లేకుండా రాసింది.